లావు పుస్తకాలు ఎక్కడ వదిలేశారు? కొత్త ఫాంటసీ నవలల మీద మొహమాటం లేని మాటలు

గోదారిగట్టు:
రాజమండ్రి దగ్గర ఒక కాలేజీ లైబ్రరీలో పదకొండేళ్లుగా కౌంటర్ దగ్గర కూర్చుంటున్నాను. లావు పుస్తకాన్ని జనం ఎంతవరకు చదివారో తెలుసుకోవాలంటే ఎవర్నీ అడగక్కర్లేదు. పుస్తకం మూసి పేజీల అంచు చూస్తే చాలు. చదివినంత మేర వేలి మురికి పట్టి నల్లబడి ఉంటుంది, మిగతాది తెల్లగా ఉంటుంది.

జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ మొదటి పుస్తకం ‘ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్’ మా కాపీ చివరిదాకా నలుపే. నాలుగోది, ‘ఎ ఫీస్ట్ ఫర్ క్రోస్’, మూడో వంతు దాటాక నిన్న కొన్నట్టుంది. పాట్రిక్ రాత్‌ఫస్ ‘ద నేమ్ ఆఫ్ ద విండ్’కి రెండుసార్లు బైండింగ్ చేయించాం. బ్రాండన్ శాండర్సన్ ‘ద వే ఆఫ్ కింగ్స్’ ఒక్కటే అంతుపట్టలేదు. వెయ్యి పేజీల పుస్తకం, అంచు పొడుగునా ఉడత వీపు మీద ఉన్నట్టు చారలు. కొంత నలుపు, కొంత తెలుపు, మళ్లీ నలుపు.

ఈ ఏడాది ఫాంటసీ కొనడానికి కాస్త డబ్బు దొరికింది. నెట్‌లో చూస్తే ప్రతి పుస్తకానికీ ఐదు చుక్కలే. ఆ చుక్కలతో నాకు పని జరగదు. మీరు నిజంగా ఎక్కడ వదిలేశారు, ఎందుకు వదిలేశారు, నిద్ర మానుకుని చదివింది ఏది, అవి చెప్పండి. రచయితలెవరూ ఇక్కడికి రారు కాబట్టి మొహమాటపడకండి.

మూడోభాగం_ఎప్పుడు:
పేరు చూస్తేనే నా బాధ తెలుస్తుంది కదండీ. రాత్‌ఫస్ మొదటి భాగం 2007లో, రెండోది ‘ద వైజ్ మ్యాన్స్ ఫియర్’ 2011లో వచ్చాయి. కథానాయకుడు క్వోథ్ తన కథ మూడు రోజుల్లో చెబుతానంటాడు, రోజుకో పుస్తకం. మూడో రోజు ఇంకా తెల్లారలేదు.

పంతొమ్మిదేళ్లప్పుడు చదివితే నాకు వేదంలా అనిపించింది. మొన్న మళ్లీ చదివాను. ఇప్పుడు చిరాకేసింది. వీణ వాయిస్తే ఇతనే, చదివితే ఇతనే, కొట్లాటకి దిగితే ఇతనే. పైగా రెండో భాగంలో ఓడ మునిగిపోయి చేతిలో చిల్లిగవ్వ లేకుండా ఒడ్డుకి చేరడం లాంటి సంగతిని నాలుగు ముక్కల్లో తేల్చేస్తాడు. ఫెలూరియన్ అనే మాయాసుందరితో అడవిలో గడిపింది మాత్రం ఎంతకీ తెమలదు.

అయినా ఒక్క విషయానికి ఆయనకి దండం పెడతాను. ఫీజు. క్వోథ్ చదివే యూనివర్సిటీలో ప్రతి టర్ముకీ మాస్టర్ల ముందు నిలబడాలి, ఫీజు ఎంతో వాళ్లు తేల్చాలి. మొదటిసారి ఎదురు మూడు టాలెంట్లు (అక్కడి డబ్బు) ఇచ్చి చేర్చుకుంటారు, తర్వాత నడ్డి విరుస్తారు. అప్పు కోసం వడ్డీలకిచ్చే దేవి దగ్గరికి వెళ్తే తాకట్టుగా రక్తం అడుగుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ పడలేదని హాల్ టికెట్ ఆపితే ఆఫీసు కిటికీ దగ్గర నిలబడ్డ వాడికి ఈ పేజీలు మాయాలోకంలా అనిపించవు. డ్రాగన్ కంటే ఆ ఫీజుకే నాకు ఎక్కువ టెన్షన్ వచ్చింది.

చిన్నా_వరంగల్:
ఓడ సంగతి నాకు వేరే రకంగా జరిగింది అన్నా. ఫుట్‌పాత్ మీద 200కి కొన్న కాపీ నాది. అక్కడికొచ్చేసరికి కథ దూకేసినట్టుంటే పైరసీ వాడు పేజీలు ఎగ్గొట్టాడు అనుకున్నా. వాడిని మస్తు తిట్టుకున్నా. తర్వాత దోస్తు దగ్గర అసలు పుస్తకం చూస్తే అందులో కూడా అంతే ఉంది.

మూడోభాగం_ఎప్పుడు:
హహ. ఇన్నేళ్లలో నేను విన్న అన్నిటికంటే మంచి రివ్యూ ఇదే.

కోఠి_కుమార్:
‘ఫీస్ట్ ఫర్ క్రోస్’ ఎందుకు తెల్లగా ఉందో నేను చెప్తా. అందరికీ కావల్సిన వాళ్లు అందులో లేరు. టిరియన్ లేడు, డెనేరిస్ లేదు, జాన్ స్నో ఒక్కచోట కనపడి పోతాడు. కథ ఎక్కువైందని మనుషుల్ని సగం చేసి రెండు పుస్తకాలకి పంచాడు మార్టిన్. ఇది 2005లో వస్తే, మిగతా సగం 2011లో వచ్చింది. మధ్యలో ఆరేళ్లు.

కానీ ఒట్టేసి చెప్తున్నా, ఐదిట్లో మంచి పుస్తకం అదే. యుద్ధం అయిపోయాక ఊళ్లు ఎట్ల ఉంటాయో బ్రియెన్ అనే యోధురాలు తిరుగుతూ పోతుంటే చూపిస్తాడు. కాలిన గుడిసెలు, చెట్లకి వేలాడే శవాలు. పల్లెలు తిరిగే ఒక సాధువు, పొలాల నుంచి యుద్ధానికి లాక్కుపోయిన మామూలు మనుషులు ఎట్లా విరిగిపోతారో చెప్తాడు. పట్టుమని రెండు పేజీలు ఉండదు. దానికోసం మిగతాదంతా మాఫ్. మీ పిల్లలు మూడో వంతు దగ్గర ఆపి తప్పు చేశారు మేడమ్.

ఆరో భాగం మాటకొస్తే, నేను ఆశ వదులుకున్న. టీవీ సీరియల్ 2019లో అయిపోయింది, పుస్తకం ఇంకా రాలేదు. పాఠకుడి దగ్గర పైసలు తీసుకుని కథ సగంలో ఆపడం పద్ధతి కాదు. చందమామ సీరియల్ ఏ నెలైనా ఆగిందా?

నెల్లూరు_పెద్దాయన:
కుమార్ గారూ, చందమామ పేరెత్తారు కాబట్టి నేనూ దిగుతాను. ‘తోకచుక్క’ 1954లో మొదలైంది. దాసరి సుబ్రహ్మణ్యం గారు నెల తప్పకుండా రాశారు నిజమే, కానీ సీరియల్ మీద ఆయన పేరు కూడా ఉండేది కాదు. అది నెలజీతం ఉద్యోగం. మీరు చెప్పే అమెరికా ఆయన సొంత పూచీ మీద రాసుకుంటున్నాడు. రెండిటికీ పోలిక లేదు.

అయినా సగంలో ఆగిపోయిన సిరీస్ గురించి తెలుగువాళ్లం మనం ఏడవడం నాకు నవ్వొస్తుంది. నన్నయ గారు రాజమహేంద్రవరంలో భారతం మొదలుపెట్టి అరణ్యపర్వం మధ్యలో వదిలేశారు. అభిమానులు ఎదురుచూశారు. ఎంతకాలం? దాదాపు రెండువందల ఏళ్లు. తిక్కన గారు వచ్చి ఏం చేశారు? ఆ మిగిలిన ముక్క ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి అందుకున్నారు. ఆ గుంత అలాగే ఉండిపోయింది. పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన గారు వచ్చి పూడ్చారు. పూడ్చిన తీరు చూడండి. నన్నయ లాగా మొదలుపెట్టి, పోనుపోను తిక్కన ధోరణిలోకి దించారంటారు. అతుకు కనపడకూడదని ఆయన తాపత్రయం. కృతి కూడా రాజరాజనరేంద్రుడి పేరు మీదే.

‘ద వీల్ ఆఫ్ టైమ్’ రాసిన రాబర్ట్ జోర్డన్ 2007లో పోయాక ఆయన నోట్స్ పట్టుకుని శాండర్సన్ చివరి మూడు పుస్తకాలు పూర్తి చేశాడని మా మనవడు నాకేదో వింతలా చెప్పాడు. ఎర్రన గారి సంగతి వాడికి చెప్పాను. వాడికది తెలియదు, పదో తరగతిలో పద్యం బట్టీ పట్టాడు గానీ.

మెకానికల్_మూర్తి:
పెద్దాయన గారికి నమస్కారం. ఒక చిన్న సవరణ, శాండర్సన్‌కి అతుకు కనపడింది. మ్యాట్ అనే పాత్ర జోర్డన్ చేతిలో తెలియకుండా నవ్విస్తాడు. శాండర్సన్ చేతిలో నవ్వించాలని చూస్తాడు. నేను శాండర్సన్ భక్తుణ్ణి, నేనే ఒప్పుకుంటున్నా.

ఇక భక్తి ఎందుకంటే, ‘మిస్ట్‌బార్న్’ (2006). అందులో మాయ ఉన్నవాళ్లు లోహం మింగి దాన్ని లోపల మండిస్తారు. ఉక్కు మండిస్తే లోహాన్ని నెట్టొచ్చు, ఇనుము మండిస్తే లాగొచ్చు. విన్ అనే పిల్ల నాణెం కిందకి విసిరి, దాన్ని నెట్టి, ఆ ఊపుతో పైకి లేస్తుంది. నాణెం నేలకి ఆనేదాకా అది కిందకి పోతుంది, ఆనాక ఈమె పైకి పోతుంది. అవతల ఉన్నది తనకంటే బరువైతే తనే వెనక్కి పడుతుంది. న్యూటన్ మూడో సూత్రాన్ని డిప్లొమాలో మాకు ఇలా చెప్పి ఉంటే బ్యాక్‌లాగ్ ఉండేది కాదు. గెలిచినా ఓడినా ఎలా జరిగిందో నాకు లెక్క అర్థమవుతుంది. రచయిత మోసం చేయలేదని నమ్మకం కుదురుతుంది.

మరో మాట, చెప్పిన టైముకి రాస్తాడు. చెప్పకుండా కూడా రాస్తాడు. లాక్‌డౌన్ రోజుల్లో గుట్టుగా నాలుగు నవలలు రాసి 2022లో కిక్‌స్టార్టర్ అనే చందాల సైట్‌లో పాఠకుల ముందు పెడితే 4 కోట్ల డాలర్లకు పైగా పోగైంది.

కోఠి_కుమార్:
మూర్తి అన్నా, మాయ అంటే నాకు భయం కలగాలె. నీ మిస్ట్‌బార్న్‌లో మాయ చదువుతుంటే ఇన్వర్టర్ మాన్యువల్ చదివినట్టుంది. ఏ లోహానికి ఏ పని అని మొదటిసారి చెప్పాడు, బాగుంది. ఇరవై పేజీల తర్వాత మళ్లీ గుర్తు చేశాడు. ఫైటింగ్‌లో మళ్లీ గుర్తు చేశాడు. నేను మర్చిపోలేదయ్యా, నన్ను నమ్ము.

‘వే ఆఫ్ కింగ్స్’ సిరీస్‌లో ఐదోది, ‘విండ్ అండ్ ట్రూత్’ (2024 డిసెంబర్) గురించి చెప్పనా? పదమూడు వందల పేజీల పైన. కథ జరిగేది పది రోజులు. ప్రపంచం మునిగిపోతుంటే ఒక్కొక్కరు నిలబడి మనసులో ఏముందో నీటుగా, కౌన్సెలింగ్‌కి వచ్చినట్టు చెప్పుకుంటారు. నేను థెరపిస్టునని హీరో కలడిన్ చెప్పుకునే చోట పుస్తకం మూసి చాయ్ పెట్టుకున్న. మళ్లీ తెరవలేదు.

నైట్‌డ్యూటీ:
నేను ఐర్లాండ్‌లో నర్సుని. ఇక్కడికి వచ్చి ఆరేళ్లు. వార్డులో తెల్లవారుజామున 3 నుంచి 5 మధ్య, బెల్ మోగకపోతే చదువుతాను.

ఆ పుస్తకంలో మాటలు కృతకంగా ఉన్నాయని కుమార్ గారు అన్నది నిజమే. కానీ దాని ముందు పుస్తకం ‘రిథమ్ ఆఫ్ వార్’ (2020) చదివారా? యుద్ధం వల్ల మనసు చెదిరిన సైనికుల్ని అక్కడి సన్యాసులు చీకటి గదుల్లో ఒక్కొక్కర్ని విడిగా ఉంచుతారు. ప్రశాంతంగా ఉంటారని వాళ్ల ఉద్దేశం. కలడిన్ వాళ్లని బయటికి, వెలుతురులోకి తెచ్చి, ఒకచోట కూర్చోబెట్టి, ఒకరితో ఒకరిని మాట్లాడిస్తాడు. అంతే, మంత్రం లేదు. అది చదివిన రాత్రి నేను చేసిన మొదటి పని, కిటికీ పక్క బెడ్ ఖాళీగా ఉంటే గోడ వైపు బెడ్‌లో ఉన్న ఒక పెద్దావిడని అక్కడికి మార్పించడం. ఆవిడ ఏమీ అనలేదు. పొద్దున పావురాల్ని లెక్కపెడుతోంది.

శాండర్సన్ వాక్యం చప్పగా ఉంటుంది. మా హాస్పిటల్ కూడు లాంటిది. కానీ లేవలేని వాళ్లకి అది అరుగుతుంది.

ఇంకోటి. రాయకపోతే మోసం అంటున్నారు. సుసానా క్లార్క్ ‘జోనథన్ స్ట్రేంజ్ అండ్ మిస్టర్ నోరెల్’ 2004లో వచ్చింది. తర్వాత ఆవిడ జబ్బుపడి ఏళ్ల తరబడి లేవలేకపోయింది. రెండో నవల ‘పిరనేసి’ 2020లో వచ్చింది. పదహారేళ్లు. రాయని మనిషి ఏ మంచం మీద ఉందో మనకేం తెలుసు?

మూడోభాగం_ఎప్పుడు:
సరే అక్కా. ఈ ఒక్కరోజుకి రాత్‌ఫస్‌ని తిట్టను.

రాత్రి_పదింటికి:
బెంగళూరులో ఉంటాను, ఇద్దరు పిల్లలు, ఆఫీసు. చదవడానికి నాకు మిగిలేది రాత్రి పది నుంచి పదకొండు. అందరూ పెద్ద పెద్ద విషయాలు మాట్లాడుతున్నారు, నేను రెబెకా యారోస్ ‘ఫోర్త్ వింగ్’ (2023) చదివానని చెప్పడానికి జంకుతున్నాను. ఎందుకు జంకాలి? ఒక్క రాత్రి పది దాటి రెండింటిదాకా కూర్చోబెట్టింది ఆ పుస్తకమే.

కథానాయిక వయొలెట్‌కి కీళ్లు ఊరికే జారతాయి, ఎముకలు గట్టివి కావు. సైనిక కాలేజీలో రాతగాళ్ల విభాగంలో చేరి పుస్తకాల మధ్య బతకాలనుకుంటే, వాళ్లమ్మ, ఆవిడో జనరల్, డ్రాగన్ల మీద స్వారీ చేసే వైపు తోస్తుంది. రచయిత్రికి కూడా కీళ్లు పట్టుతప్పే జబ్బు ఉంది. నాకు కీళ్లవాతం. ఉదయం లేచి సీసా మూత తీయలేని రోజులుంటాయి. వయొలెట్ డ్రాగన్ మీద నిలవలేక జీను కట్టించుకుంటుంది, అది ఓటమిలా రాయలేదు. అక్కడ నా కళ్లు చెమర్చాయి. ఆ పిల్ల ప్రేమించిన క్సేడెన్ భుజాల వర్ణన పేజీకోసారి వస్తుంది, అదీ ఒప్పుకుంటాను. అది కూడా చదివాను, దాచడం దేనికి.

అయితే రెండోది ‘ఐరన్ ఫ్లేమ్’ ఆరు నెలలు తిరిగేసరికి వచ్చింది, ఆ తొందర తెలిసిపోతుంది. నాకెందుకు చెప్పలేదు, నువ్వెందుకు అడగలేదు, ఇదే గొడవ వందల పేజీలు. ఈ గొడవ మా ఇంట్లో ఉచితంగా దొరుకుతుంది. మూడోది ‘ఆనిక్స్ స్టార్మ్’లో దీవి తర్వాత దీవి ప్యాకేజీ టూర్‌లా తిరుగుతుంటే వదిలేశాను.

మెకానికల్_మూర్తి:
అక్కా, నాకు ఒకటే డౌటు. ఆ కాలేజీలో చేరిన రోజే సన్నటి గోడ మీద నడిపిస్తారు, పడినవాళ్లు చస్తారు. తర్వాత క్లాసులో చస్తారు, పోటీల్లో చస్తారు, డ్రాగన్లు కాల్చి చంపుతాయి. బయట సరిహద్దులో యుద్ధం, సైనికులు చాలడం లేదు. మరి ఉన్న కుర్రాళ్లని వీళ్లే చంపుకుంటే యుద్ధానికి ఎవరు వెళ్తారు?

రాత్రి_పదింటికి:
మూర్తి గారూ, ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో చదివారా మీరు?

మెకానికల్_మూర్తి:
చదివాను. అర్థమైంది. డౌటు వెనక్కి తీసుకుంటున్నా.

పదాలపిచ్చి:
నాది అనువాదాల పని, ఎక్కువగా ఆఫీసు కాగితాలు, మందుల సీసాల మీది సూచనలు. నవల నచ్చిందో లేదో తేల్చుకోవడానికి నాకో అలవాటుంది. ఏదో ఒక పేజీ తీసి తెలుగు చేసి చూస్తాను. నిలబడుతుందా, కూలుతుందా?

శాండర్సన్ పేజీ పావుగంటలో తెలుగైపోతుంది. ఎక్కడా ఆగనవసరం లేదు. అది మెప్పో తెగడ్తో మీ ఇష్టం. ఎన్.కె. జెమిసిన్ ‘ద ఫిఫ్త్ సీజన్’ (2015) మొదటి పేజీల్లోనే నన్ను ఆపేసింది. మూడు భాగాలకీ వరసగా మూడేళ్లు హ్యూగో (ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే) అవార్డు వచ్చిన సిరీస్ ఇది. ఒక తల్లి ఇంటికొస్తుంది, పసివాడు చచ్చి పడి ఉంటాడు, చంపింది కన్నతండ్రి. ఆ తల్లి కథంతా ఎదురుగా నిలబడి ఆమెకే చెప్పినట్టు ఉంటుంది. ఇంగ్లిష్‌లో ఒకటే మాటతో పని అయిపోతుంది. తెలుగులో నువ్వు అనాలా, మీరు అనాలా? నడివయసు ఆడమనిషిని, అందులోనూ శవం పక్కన కూర్చున్న దాన్ని, నువ్వు అని పిలిచే చనువు ఎవరికుంది? మీరు అంటే బ్యాంకు మెసేజ్‌లా ఉంటుంది. ఆమెతో మాట్లాడుతున్నది ఎవరో పుస్తకం చాలాసేపటిదాకా చెప్పదు. తెలుగువాడు మాత్రం మొదటి వాక్యంలోనే ఆ రహస్యం తెలిసినట్టు రాయాలి. నేను వారం రోజులు నువ్వు, మీరు మధ్య ఊగి వదిలేశాను. నవల చదవడం మాత్రం వదల్లేదు.

ఇక ఆర్.ఎఫ్. క్వాంగ్ ‘బేబెల్’ (2022). దీని మీద నాకు ప్రేమా కోపం రెండూ సమానంగా ఉన్నాయి. కథ 1830ల నాటి ఆక్స్‌ఫర్డ్‌లో జరుగుతుంది. వెండి కడ్డీకి ఒకవైపు ఒక భాష మాట, రెండోవైపు దాని అనువాదం చెక్కుతారు. రెండు భాషలూ ఒంటబట్టినవాడు వాటిని పైకి పలికితే, అనువాదంలో జారిపోయిన అర్థం మాయగా పనిచేస్తుంది. బ్రిటిష్ సామ్రాజ్యం ఓడలూ మిల్లులూ దాని మీదే నడుస్తాయి. మాటలు మోసి తెచ్చేది కాంటన్ నుంచి, కలకత్తా నుంచి పట్టుకొచ్చిన పిల్లలు. ఇంత మంచి ఊహ ఈమధ్య ఎవరికీ రాలేదు. చదివిన రాత్రి నిద్రపట్టలేదు.

కోపం ఎందుకంటే, ఆవిడకి మన మీద నమ్మకం లేదు. తెల్లదొర దుర్మార్గం సన్నివేశంలో చూపిస్తుంది, సరిపోయింది. తర్వాత ఒక పాత్ర దాన్ని వివరిస్తుంది. అది చాలదని కింద ఫుట్‌నోట్ వస్తుంది. క్లార్క్ ఫుట్‌నోట్ తెరిస్తే ఇంకో కథ దొరుకుతుంది, క్వాంగ్ ఫుట్‌నోట్ తెరిస్తే పరీక్ష పేపర్ దొరుకుతుంది.

పక్కమాట: నవల జరిగే రోజులకి కొంచెం ముందే, 1829లో, సి.పి. బ్రౌన్ వేమన పద్యాలు ఇంగ్లిష్‌లోకి తెచ్చి అచ్చువేశాడు. కంపెనీ ఉద్యోగం చేస్తూ, సొంత డబ్బు పెట్టి, అప్పులు చేసి తెలుగు తాళపత్రాలు పోగుచేశాడు. మంచివాడా, సామ్రాజ్యం పనిముట్టా? రెండూ. క్వాంగ్ నవలలో అలాంటి మనిషికి చోటు లేదు. నాకు వెలితిగా అనిపించింది అక్కడే.

చిన్నా_వరంగల్:
అన్నా, మన మాట ఒకటి వెండి మీద చెక్కితే ఏం చెక్కుతావ్? నేనైతే ఎంగిలి. ఇంగ్లిష్‌లో దానికి మాట లేదు కదా. హాస్టల్లో నీళ్ల బాటిల్‌కి ఆ కడ్డీ కడితే ఎవ్వడూ ముట్టడు.

పదాలపిచ్చి:
నేను అలక పెడతాను. కోపం అని అనువాదం చేస్తే ఏం జారిపోతుంది? వచ్చి బతిమాలాలనే ఆశ. ఆ కడ్డీ తలుపుకి బిగిస్తే తలుపు మూసుకునే ఉంటుంది గానీ గడియ మాత్రం పడదు.

రాత్రి_పదింటికి:
మొహమాటం. భోజనాల బల్ల కింద పెడితే చుట్టాలు మూడోసారి వడ్డించినా వద్దనలేరు.

నెల్లూరు_పెద్దాయన:
దిష్టి చెక్కండి. కొత్త ఇంటి ముందు గుమ్మడికాయ ఖర్చు తగ్గుతుంది.

చిన్నా_వరంగల్:
ఇంకో సంగతి అడగాలె. అమీష్ పేరు ఎవరూ ఎత్తలేదు ఎందుకు? నేను పది దాకా తెలుగు మీడియం. ఇంగ్లిష్‌లో చివరిదాకా చదివిన మొదటి పుస్తకం ‘ది ఇమ్మోర్టల్స్ ఆఫ్ మెలూహా’. ఇక్కడ పేరు చెప్తే నవ్వుతారేమో అని భయం.

కోఠి_కుమార్:
నవ్వం తమ్మీ. 2010లో ఆ పుస్తకం వచ్చినప్పుడు అబిడ్స్ ఆదివారం సంతలో ప్రతి కుప్ప మీదా అదే. శివుణ్ణి టిబెట్ నుంచి దిగొచ్చిన గూడెం నాయకుడిగా చూపించి, చిలుం పట్టించి, నడిపించాడు. ధైర్యం ఉంది. కానీ మనుషులు నోరు తెరిస్తే ఎమ్బీయే వాసన. మూడో భాగానికి వచ్చేసరికి కథ తక్కువ, ఉపన్యాసం ఎక్కువ. అయినా నీకు ఇంగ్లిష్ పుస్తకం అంటే భయం పోగొట్టింది కదా, దాని పని అది చేసింది. ఇప్పుడు తాషా సూరి ‘ద జాస్మిన్ థ్రోన్’ పట్టు. చెరలో ఉన్న రాకుమారి, పాడుబడ్డ గుడి, మన నేల వాసన, ఉపన్యాసం తక్కువ.

రాత్రి_పదింటికి:
వైష్ణవి పటేల్ ‘కైకేయి’ (2022) కూడా ఉంది. మనిషికీ మనిషికీ మధ్య ఉండే బంధం దారంలా కనపడటం, దాన్ని మెల్లగా లాగి మనసు మార్చడం, ఆ ఊహ అద్భుతం. ఏ వదినకైనా తెలిసిన విద్యే అది. అయోధ్యలో ఆడవాళ్ల కోసం సభ పెట్టించే భాగం మాత్రం డ్వాక్రా మీటింగ్ మినిట్స్ చదివినట్టుంది. రాముణ్ణి తక్కువ చేసిందని కొందరు గొడవపెట్టారు.

నెల్లూరు_పెద్దాయన:
రంగనాయకమ్మ గారు ‘రామాయణ విషవృక్షం’ 1970ల్లోనే రాశారు. అది చదివి ఇంట్లో కంచం విసిరేసిన తరం మాది. ఈ కైకేయికి నాకు కంగారేం పుట్టలేదమ్మా. చివరి వంద పేజీలు పరుగెత్తించింది, అదొక్కటే నా ఫిర్యాదు.

దివిసీమ:
ఇన్నాళ్లూ చదువుతూ పోతున్నాను, ఈరోజు ఖాతా తెరిచాను. నేను పెద్దగా ఫాంటసీ చదవను. సిస్టర్ గారు ‘పిరనేసి’ పేరు చెప్పారని తెప్పించుకున్నాను. 250 పేజీలు కూడా లేదు.

ఒక మనిషి అంతులేని ఇంట్లో ఉంటాడు. హాళ్లు, హాళ్ల నిండా పాలరాతి బొమ్మలు, కింద అంతస్తులో సముద్రం. ఆటుపోట్లు ఎప్పుడు వస్తాయో లెక్కగట్టి డైరీ రాస్తాడు. అతనికి మన సంవత్సరాలు తెలియవు. నైరుతి హాళ్లకి ఆల్బట్రాస్ పక్షి వచ్చిన ఏడాది, అని రాసుకుంటాడు.

అక్కడ పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఉండిపోయాను. మా నాయనమ్మకి 1977 అని తెలియదు. ఉప్పెన ఏడు అంటుంది. మా బాబాయి ఉప్పెనకి ముందు ఏడు పుట్టాడు. మా పొలం ఉప్పెన తర్వాత మూడో ఏడు కొన్నాం. ఆ రాత్రి నీళ్లు ఎంతదాకా వచ్చాయో ఇప్పటికీ గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తుంది. పిరనేసి కూడా పై హాల్లోకి ఎక్కి, కెరటం ఎంతదాకా వస్తుందో ముందే లెక్కేసి కూర్చుంటాడు. లోపం చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నా. అతను ఎవరో, అక్కడికి ఎలా వచ్చాడో తేలిపోయే చివరి భాగం నాకు మామూలు డిటెక్టివ్ కథలా అనిపించింది. తెలియకపోయినా బాగుండేది.

గోదారిగట్టు:
మా వైపు 86 వరద అంటారండి, అదే లెక్క.

ఇండెంట్ రాసేశాను. ‘పిరనేసి’ రెండు కాపీలు, ‘ఫిఫ్త్ సీజన్’ మూడు భాగాలు, ‘బేబెల్’ ఒకటి, ‘జాస్మిన్ థ్రోన్’ ఒకటి. ‘ఫోర్త్ వింగ్’ మొదటిది మాత్రమే, ప్రిన్సిపాల్ గారు లోపల తెరిచి చూడకూడదని మొక్కుకుంటూ. రాత్‌ఫస్ మూడోది వస్తే అప్పుడు చూద్దాం. ‘విండ్ అండ్ ట్రూత్’ కొనలేదు, మూర్తి గారు క్షమించాలి. డబ్బు కాదు, అలమరలో దానికి చోటు లేదు.

మెకానికల్_మూర్తి:
ఫర్వాలేదండీ. ఒకటి అడుగుతా. ‘వే ఆఫ్ కింగ్స్’ అంచు మీద చారలన్నారు కదా. ఓసారి నల్లగా ఉన్నచోట తెరిచి అక్కడ ఎవరి కథ నడుస్తోందో చూడండి. నాకో అనుమానం ఉంది. చెబితే నేను కూడా దొరికిపోతాను.

గోదారిగట్టు:
ఇప్పుడే చూసొచ్చాను. నల్ల చార ఉన్న ప్రతిచోటా కలడిన్ వంతెన మోస్తున్నాడు. తెల్లగా ఉన్నచోట షల్లాన్ అనే అమ్మాయి కూర్చుని బొమ్మలు గీసుకుంటోంది. ఆ పేజీలు కొన్ని ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి, స్కేలు పెట్టి విడదీశాను.